లినక్సు విభాగ విజయము

స్వస్తి. సర్వధారి నామ సంవత్సర శ్రావణ బహుళ పక్షమందు, క్రీస్తుశకము రెండువేల ఎనిమిదవ యేట, మబ్బులు నల్లమల దాకా వచ్చి ముఖము చాటేసి పోవుచున్న ఒకానొక శుక్రవారము నాడు, పాలమూరు జిల్లా నాగర్‌కర్నూలు పట్టణమున, తూర్పున మిర్చిబజ్జీల బండి, దక్షిణమున నీళ్లు రాని బోరింగు, పడమర రిజిస్ట్రీ ఆఫీసు ప్రహరీ, ఉత్తరమున ముజీబు జిరాక్సు దుకాణము చతుర్హద్దులుగా గల పదడుగుల రేకుల గదియందు సంభవించిన మహాసంగ్రామమును చెప్పుచున్నాను. వినువారు కాళ్లు కడుగుకొని రానక్కరలేదు గాని, సెల్‌ఫోన్ల నోళ్లు మూయించి కూర్చుండుడు. నడుమ మ్రోగినచో కథ ఎక్కడిదక్కడ ఆపి లేచిపోవుదును. నాకసలే కోపమెక్కువ.

ఆ గదికి ఏలిక అనంతయ్య. ముప్పదియొక్క యేండ్లుగా దస్తావేజులు వ్రాయుచున్న లేఖకాగ్రేసరుడు, విక్రయపత్ర విశారదుడు, భాగపంపక భీకరుడు, సాక్షిసంతక సార్వభౌముడు, సిరామరకాలంకృత శ్వేతచొక్కా విరాజితుడు. తెలకపల్లి మొదలు బిజినేపల్లి వరకు ఏ యింట అన్నదమ్ములు విడిపోవలెనన్నను ముందు ఆయన కలము కదలవలయును. ఇంతటి వీరునికి కంప్యూటరనిన మాత్రము వెన్నులో చలి పుట్టును. వనపర్తిలో పంతులమ్మగా నున్న కూతురు మాలతి, తాను వాడి విడిచిన ల్యాప్‌టాపును మూడు నెలల క్రితము తెచ్చి తండ్రి బల్లపై నుంచి, "ఇగ దీంట్ల రాయి నాయినా. ఎన్ని కాపీలు తీసినా ఒక్క తీరుగొస్తయి" అని చెప్పి బస్సెక్కినది.

ఒక్క తీరుగ అను ఆ మాట కొరకే ఈ యుద్ధమంతయు. ఎట్లనిన, తెలకపల్లి దాపున ఒక పల్లెలో వెంకట్రాములు, జంగయ్య అను అన్నదమ్ములు కలరు. పదకొండేండ్ల క్రితము వారి తొమ్మిదెకరముల చెల్క భూమికి ఈ అనంతయ్యయే స్వహస్తమున భాగపంపకపు దస్తావేజు రెండు ప్రతులు వ్రాసెను. వ్రాయగా వ్రాయగా చేయి నొచ్చి, రెండవ ప్రతిలో అక్షరములు లావెక్కెను. అన్నకు తొమ్మిది కాగితములు, తమ్మునికి పది కాగితములు వచ్చెను. "వానికొక కాయితం ఎక్కువొచ్చిందంటే వానికేదో ఎక్కువ రాసిన్రు" అని వెంకట్రాములు సంతకము పెట్టక లేచిపోయెను. "తొమ్మిది కాయితాలల్ల పట్టిందంటే ఆయనది దగ్గర దగ్గర కుక్కి రాసిన్రు, లోపలేమున్నదో" అని జంగయ్యయు లేచిపోయెను. ఆనాటి నుండి ఇద్దరికి మాటలు లేవు. ఎద్దు చేనిలో పడినను, పక్కనే నాలుగడుగుల దూరమున నిలుచున్న అన్నకు చెప్పుటకు జంగయ్య ఇంటికి పోయి తల్లిని పిలుచుకొని వచ్చును.

ఆ తల్లి బాలనాగమ్మ. డెబ్బదియేండ్ల ముదుసలి. నెల దినములు ఇద్దరిని బతిమాలి, తిట్టి, ఏడ్చి, ఒక ఒప్పందమునకు తెచ్చి ఆనాడు కొడుకులను వెంటబెట్టుకొని వచ్చి, అనంతయ్య ముందు చేతులు జోడించెను.

"ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పి చెప్పి నా పానం వోతున్నది సారూ. ఇయ్యాల కాయితం అయితే అయింది. కాకుంటే ఇద్దరిని ఇడిసి మా తమ్మునింటికి పోత. మల్ల ఈ మొకాలు చూడ."

కొడుకులు ఒకే బెంచీపై చెరొక కొసన, చెరొక దిక్కు చూచుచు కూర్చుండిరి. ఇరువురిది ఒకటే షరతు. చేతివ్రాత పనికిరాదు. రెండు ప్రతులు కంప్యూటరులో తీయవలయును, వెంట్రుకవాసి తేడా రాకూడదు. అనంతయ్య మూడు వారములు ఒంటి వ్రేలితో పొడిచి పొడిచి, సర్వే నంబర్లు, హద్దులు, బావి వంతులు సమస్తమును ల్యాప్‌టాపులోకి ఎక్కించియుండెను. ఆరు గుంటల కల్లము ఒక్కటే తేలలేదు. అది నాకనిన నాకని ఇద్దరును పట్టు విడువనందున ఆ పంక్తి ఖాళీగా నుండెను. తక్కినదంతయు సిద్ధము. మూడు గంటలు దాటిన ఆఫీసువారు దస్తావేజులు తీసుకొనరు.

ఇక చూచుకొనుడు విధి ఆడిన ఆట. అనంతయ్య గణపతికి మ్రొక్కి మీట నొక్కగా ఆ యంత్రము లేవలేదు. నల్లని తెరపై నాలుగు తెల్లని పంక్తులు చూపి నిశ్చేష్టమాయెను. మరల నొక్కెను. మరల అవే నాలుగు పంక్తులు. పక్క దుకాణమునుండి ముజీబు వచ్చి, ఆ మీట ఈ మీట నొక్కి చూచి తల ఊపెను.

"ఎవరిదో పెన్‌డ్రైవ్ పెట్టిన్రు, వైరస్ వడ్డది సాబ్. మీరు రాసింది పోలే, లోపల్నే ఉన్నది. సిస్టమే లేస్తలేదు. నా కాడ లినక్స్ సీడీ ఉన్నది, పోస్ట్‌ల తెప్పించిన. అది పక్కన ఎక్కిస్తే దాంట్లకెళ్లి లోపలికి పోయి తీసుకోవచ్చు."

"లినక్సంటే ఏంది, ఎవరిది?" అని అనంతయ్య అడిగెను.

"ఒక్కలది గాదు సాబ్. అందరిది."

"ఉమ్మడిదన్నమాట. మరి పట్టాదారెవరు?"

"పట్టాదారు ఎవ్వరు లేరు."

పట్టా లేని ఆస్తిపై చేయి వేయవలసి వచ్చినందుకు ఆ ధర్మాత్ముని మనసు కలుక్కుమన్నది. కాని గడియారము పదిన్నర చూపుచుండెను, మూడు గంటలకు ముహూర్తము మూసుకొనును. ఆపై రాహుకాలమొకటి. పన్నెండు దాటనిదే సీడీ లోపలికి పోరాదని వెంకట్రాములు తల్లితో చెప్పించెను. ఆ విషయమున తనకును అభ్యంతరము లేదని జంగయ్య కూడ తల్లితోనే చెప్పించెను. చేతివ్రాత పనికిరాదను షరతు తరువాత, పదకొండేండ్లలో ఇద్దరు ఏకీభవించినది ఆ ఒక్కదానియందే.

పన్నెండు కొట్టగానే ముజీబు సీడీని ప్రవేశపెట్టెను. మొదట యంత్రము దానిని గుర్తింపక తన పాత నాలుగు పంక్తులనే మరల చూపెను. ముజీబు ఏవో మీటలు నొక్కి దాని బుద్ధి మార్చునప్పటికి పన్నెండున్నర దాటెను. సీడీ గిర్రున తిరిగి, తెరపై గోధుమ వన్నె వెలుగు పరచుకొనెను. జుమ్మా నమాజు వేళయైనందున ముజీబు తలపై టోపీ పెట్టుకొని ఇట్లు హితవు చెప్పెను.

"నేను రెండింటి లోపల వస్త సాబ్. అడిగినకాడల్లా ఫార్వర్డ్ కొట్టున్రి. ఒక కాడ డిస్క్‌ను భాగాలు చెయ్యమంటది. ఆడ మాత్రం చెయ్యి వెట్టకున్రి. మొత్తం తుడిస్తే మీరు రాసింది గూడ పోతది. నేనొచ్చిందాక ఆగున్రి."

అయ్యా, ఎవరితో చెప్పుచున్నావయ్యా ఆ మాట? ముప్పదియొక్క యేండ్లుగా నాలుగు మండలముల భూములను గుంటలు, అరగుంటలు చేసి పంచిపెట్టినవానితో, భాగములు నీవు చేయవద్దని చెప్పుదురా ఎవరైన? అనంతయ్య పైకి తల ఊపెను గాని, లోలోపల ఆ మాట ఆయనకు మంట పుట్టించెను. ముజీబు అటు పోయెను, ఈయన ఇటు చొక్కా చేతులు పైకి మడచెను.

దస్తావేజు వ్రాసినవాడు పక్షముల వారికి దానిని చదివి వినిపించవలయును, అది వృత్తిధర్మము. కనుక తెరపై వచ్చిన ప్రతి ఆంగ్లపంక్తిని అనంతయ్య గొంతెత్తి చదివి తెలుగున అర్థము చెప్పసాగెను. మీ ఊరెక్కడ అని యంత్రము ప్రపంచపటము చూపెను. ఆయన మౌసుతో సముద్రములు దాటి, కొండలు దాటి నాగర్‌కర్నూలును వెదకెను. లేదు. వనపర్తి లేదు, గద్వాల లేదు. మొత్తము దేశమునకు కలకత్తా ఒక్కటే ఉన్నది. పత్రమున తప్పుడు చిరునామా వ్రాయుట ఆయన జన్మలో ఎరుగడు.

"రాసేది కలకత్తా గని, ఉండేది నాగర్‌కర్నూలే. మీ ముగ్గురు సాక్షులు" అని బెంచీవైపు తిరిగి చెప్పెను. బాలనాగమ్మ సరేనన్నది. కొడుకులు చెరొక దిక్కునకు తలలూపిరి.

పిమ్మట రహస్యపదము పెట్టుకొమ్మనెను. దానిని సైతము ఆయన చదివి వినిపించి అందరి సమ్మతి పొందెను. ఆ తరువాత, ఏ పటము వద్ద మహావీరులు సైతము తడబడుదురో, ఏ పటము వద్ద ఆగుమని ముజీబు చెప్పిపోయెనో, ఆ డిస్కు భాగముల పటము సాక్షాత్కరించెను. ఎనుబది జీబీల క్షేత్రము. ఒక్కడే హక్కుదారుడు, పాత సిస్టము. మొదటి వరుసలో వ్రాసియున్నది: డిస్కు మొత్తము తుడిచి వాడుకొందునా?

ఒంటిగంట దాటెను. అనంతయ్య చేతులు ముడుచుకొని కూర్చుండెను, చెప్పిన మాట వినవలెననియే ప్రయత్నించెను. ఐదు నిమిషములైనది. పది నిమిషములైనది. వెంకట్రాములు తువ్వాల దులిపి లేచెను.

"ఇది అయ్యేటట్టు లేదు. పోదాం పా అమ్మా."

బాలనాగమ్మ ముఖము పాలిపోయెను. ఆమె పెద్దకొడుకు చేయి పట్టుకొని, "జరసేపు కూసో బిడ్డా, నీ కాల్మొక్త" అనెను. కన్నతల్లి కొడుకుతో అనవలసిన మాటయా అది? అనంతయ్య చూడలేకపోయెను. మౌసు పట్టెను.

"మొదటిదే నొక్కరాదు సారూ, జల్దైతది" అని జంగయ్య సలహా ఇచ్చెను.

అప్పుడా విభాగవీరుడు కుర్చీలో నిటారుగా కూర్చుండి, గది రేకులు మార్మ్రోగునట్లు ఇట్లు పలికెను.

"జంగయ్యా, ముప్పై ఒక్క ఏండ్ల సంది రాస్తున్న. కబ్జాల ఉన్నోన్ని నోటీసు లేకుండ, సంతకం లేకుండ ఎల్లగొట్టిన కాయితం ఒక్కటంటే ఒక్కటి నా చేతులకెళ్లి ఎల్లలే. పాతోడు లేస్తలేడు, నిజమే. లేస్తలేడని వాని భాగం వానికి గాకుండ పోతదా? వాని సామాను లోపల ఉన్నది. నేను తుడువ."

ఆ ధర్మపన్నమే దస్తావేజు ప్రాణములు కాపాడెనని ఆయనకు తెలియదు. ఆయన అనుకొన్నది న్యాయము ఒక్కటే. స్వహస్తమున పంచుకొందునను వరుసను నొక్కి, హక్కుదారుల పేర్ల కొరకు సీడీ సంచిని త్రిప్పి చూచెను. దానిపై ముజీబు పెన్సిలుతో ఒక వాలుగీత, దాని క్రింద 'హోము', దాని క్రింద 'స్వాపు' అని వ్రాసికొనియుండెను. కొలతలు వ్రాయలేదు, అవి వానికి కంఠస్థము. వాలుగీత పెన్సిలు జారిన గుర్తని అనంతయ్య దానిని లెక్కింపలేదు. పాతవానికి ఇరువది, హోముకు ఇరువది, స్వాపునకు ఇరువది. మిగిలిన ఇరువది పోరంబోకుగా వదలెను. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అను మాట రాకుండ అంకెలు మూడుమార్లు సరిచూచి ఫార్వర్డు కొట్టెను.

యంత్రము ఒప్పుకొనలేదు. మూలము లేదు, మూలము నిర్ణయింపుమని ఎర్రని గుర్తుతో గద్దించెను. అనంతయ్య నుదురు కొట్టుకొనెను.

"ఉమ్మడి కుటుంబానికి కర్తనే రాయలే నేను. కర్త లేకుండ పంపకమెట్లైతది?"

తెరపై మూలమునకు గుర్తుగా అదే వాలుగీత కనబడగా, సంచి మీదిది ఆ కర్తయని అప్పుడు గ్రహించి, పోరంబోకు ఇరువదియు దానికి వ్రాసెను. నలుగురికి నాలుగు ఇరువదులు. ఇక తిరిగి మార్చ వీలుకాదు, సమ్మతమేనా అని యంత్రము చివరిమారు అడిగెను. ఊరకనే నొక్కుటకు ఆయన ఏమి తెలియనివాడా? తెల్లకాగితముపై పంపకము వ్రాసి, అన్నదమ్ముల సంతకములు, తల్లి వ్రేలిముద్ర సాక్షిగా తీసుకొని, అప్పుడు నొక్కెను.

సంగ్రామము మొదలాయెను. ల్యాప్‌టాపులోని పంకా గర్జించెను, సీడీ గరగరలాడెను, బల్ల కింది నుండి వేడిగాలి పుట్టి వీరుని మోకాళ్లను కాల్చెను. తెరపై పని సాగిన మేర చూపు కొలపట్టీ నూటికి అయిదు వద్దకు ప్రాకెను, పదికి ప్రాకెను, పదునైదు వద్దకు వచ్చి, పాతవాని భాగము కుదించు పని జరుగుచున్నదని చెప్పి కదలక నిలిచెను. ఈగ వాలినంత కదలిక లేదు. ఇరువది నిమిషములాయెను. వెంకట్రాములు మరల తువ్వాల దులిపెను. అనంతయ్య చెమట తుడుచుకొని, మొండికేసిన వాటాదారును బుజ్జగించు గొంతుతో యంత్రముతో మాట్లాడెను.

"నీకు రావాల్సిందంత నీకే రాసిన. ఇంచు తక్కువ చెయ్యలే. పెద్దోనివి, జర ఇటు జరుగు. తమ్ముడు కూసుంటడు."

తువ్వాల భుజము మీదికి పోయెను. వెంకట్రాములు కూర్చుండెను. కూర్చుండునప్పుడు బెంచీ నడుమకు జానెడు జరిగి కూర్చుండెననిన మీరు నమ్మరు గాని, నేను చూచితిని. పట్టీ పదునారాయెను.

నమాజు ముగించి ముజీబు వచ్చునప్పటికి అది అరువది రెండు చూపుచుండెను.

"భాగాలెవరు చేసిన్రు సాబ్?"

"నేనే."

"పాతది తుడిచిన్రా?"

"ఎట్ల తుడుస్త? వాని భాగం వానికే ఇచ్చిన."

ముజీబు ఊపిరి పీల్చుకొని అంకెలు చూచెను. చూచి గోడకు చేరగిలబడి నవ్వెను.

"స్వాప్‌కు ఇరవైనా? ఒక్కటిస్తే మస్తైతది సాబ్."

"అందరి లెక్కనే వాడు. తక్కువెందుకు చెయ్యాలె?"

"అది ఎవ్వరి భాగం గాదు సాబ్. పని ఎక్కువై జాగ సాలనప్పుడు సామాను జరసేపు ఆడ వెడతది. పని అయినంక తీసుకుంటది. ఆడ ఎవ్వరు కాపురముండరు."

బాలనాగమ్మ అంతవరకు ఏమియు అర్థము గాక చూచుచుండెను. ఈ మాటకు మాత్రము తల ఎత్తెను.

"ఎవ్వరిది గాని జాగ గూడ కాయితంల రాస్తరా?"

"రాస్తరమ్మా, పేరు వెట్టి రాస్తరు" అని అనంతయ్య చెప్పెను.

"అయితే మా కల్లం గట్ల రాయి సారూ. కోతలప్పుడు ఒకలదైనంక ఒకలు పోసుకుంటరు. నూర్చినంక ఎవ్వరిది వాళ్లు తీసుకపోతరు. ఆడ ఎవ్వరు కాపురముండరు."

పదకొండేండ్లు పెద్దమనుషులు నలుగురు కూర్చుండి తేల్చలేనిది ఆమె ఒక్క ముక్కలో తేల్చెను. వెంకట్రాములు గొంతు సవరించుకొనెను. "వానికి సమ్మతేనా అడుగు అమ్మా." జంగయ్య గోడవైపు చూచుచు, "ఆయనకైతే నాకైతదని చెప్పు" అనెను. తల్లి ఎవరికిని ఏమియు చెప్పలేదు. ఇద్దరును విన్నారు గదా.

రెండుంబావుకు పట్టీ నూరు తాకెను. యంత్రము ఆరి మరల వెలిగి, రహస్యపదము కోరెను. అనంతయ్యకు అది గుర్తు రాలేదు. వృత్తిధర్మము వృథా పోవునా? జంగయ్య కూర్చున్నచోటి నుండియే ఒక్కొక్క అక్షరము చెప్పెను. ఈయన పొడిచెను. తలుపు తెరచుకొనెను. ముజీబు పాతవాని భాగములోనికి పోగా, ఖాళీ పంక్తితో సహా దస్తావేజు చెక్కుచెదరక పడియుండెను. అనంతయ్య ఆ పంక్తిలో, ఆరు గుంటల కల్లము ఉభయులకు ఉమ్మడియని ఒంటి వ్రేలితో పొడిచెను. పెన్‌డ్రైవు ముజీబు దుకాణమునకు పరుగెత్తెను. ఎనిమిదేసి కాగితముల రెండు ప్రతులు వెచ్చవెచ్చగా వచ్చెను.

అన్నదమ్ములు కాగితములు లెక్కించిరి. ఎనిమిది, ఎనిమిది. పంక్తులు లెక్కించిరి. సరిపోయెను. ఐనను పదకొండేండ్ల అనుమానము అంత తేలికగా పోవునా? "తూకం వెయ్యాలె" అని వెంకట్రాములు అనెను. రెండిండ్ల అవతల వెండిబంగారపు కొట్టు కలదు. అందరును అచ్చటికి నడచిరి. కంసాలి నవ్వు ఆపుకొని, గాజుపెట్టెలోని చిన్న త్రాసున చెరొక తట్టలో చెరొక ప్రతిని మడచి పెట్టెను.

అన్న తట్ట దిగెను.

ఎంతో కాదు, చీమ తల వాల్చినంత. కాని దిగెను. అనంతయ్యకు కండ్ల ముందు ఆనాటి పదవ కాగితము కనబడెను. బాలనాగమ్మ కొట్టు మెట్టు మీద కూలబడెను. జంగయ్య దవడలు బిగిసెను. గోడ గడియారము మూడుకు పన్నెండు నిమిషములు తక్కువ చూపుచుండెను.

వెంకట్రాములు వంగి, తన తట్టను దగ్గరగా చూచెను. చూచి తల్లివైపు తిరుగలేదు.

"తమ్మీ" అనెను. "నా దాంట్ల గుండుసూది ఉన్నదిరా. నీ దాంట్ల లేదు."

జంగయ్య వంగి చూచెను.

"అవునే అన్నా. తీసెయ్యి."

వెంకట్రాములు తీసెను. త్రాసు ముల్లు అటూ ఇటూ ఒకమారు ఊగి నిట్టనిలువున నిలిచెను. ఓ జనులారా, విభాగవీరుడగు అనంతయ్య జయించెను. కలకత్తా చిరునామాతో, కర్తను మరచి, స్వాపునకు ఇరువది జీబీలు ధారపోసి, ఇంత యుద్ధము చేసి ఆయన సాధించిన విజయము కచ్చితముగా ఒక గుండుసూది బరువుండెను. బాలనాగమ్మ మెట్టుపై కూర్చుండి, కొంగు నోటికి అడ్డము పెట్టుకొని వెక్కి వెక్కి ఏడ్చెను.

మూడు కొట్టుటకు నాలుగు నిమిషముల ముందు కాగితములు ఆఫీసు గడప దాటెను. వెంకట్రాములు చేతిలో సూది ఇంకను ఉండెను, దానిని ఎక్కడ పెట్టవలెనో ఆయనకు తోచలేదు. "ఇటియ్యన్నా, గుచ్చుకుంటది" అని జంగయ్య దానిని తీసుకొని తన తువ్వాల అంచునకు గ్రుచ్చుకొనెను. అది ఎవరి భాగమునకు వచ్చునని ఇద్దరిలో ఎవరును అడుగలేదు.